పెళ్లి చేసి చూశాము, మరి కాపురమో?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు అంటూ వచ్చారు. రెండింటిలోను చేతి సొమ్ము ఎట్లా కరిగిపోతుందో, కొత్త అప్పులు ఎట్లా పుట్టుకొస్తాయో చెప్పడమే ఆ సామెత ఉద్దేశం. అయితే పెళ్లి చేసిన తరువాత ఆ కాపురాన్ని నిలిపి చూడుమని చెప్పే సామెత మాకు ఎక్కడా కనిపించలేదు. బహుశా ఆ పని తమది కాదని అందరూ తలచి ఉంటారు.

గత వేసవిలో కర్నూలు పాతనగరంలో ఒక ఇంటి వరండాలో జరిగిన పంచాయితీకి మేము కూడా వెళ్లవలసి వచ్చింది. రెండున్నర ఏళ్ల క్రితం నికాహ్ జరిగిన జంట. ఇరువైపుల పెద్దలు, ఇద్దరు మధ్యవర్తులు, మేము. పగలంతా కాగిన నేల ఇంకా చల్లారలేదు. చర్చ భార్యాభర్తల మీద కాక, పెళ్లినాడు ఇచ్చిన సామాను జాబితా మీద మొదలయింది. మంచము, పరుపులు, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మోటారు సైకిల్, ఇత్తడి డేగిశాలు, ఇంట్లో ఎవరూ తమలపాకు నమలకపోయినా ఆచారంగా వచ్చిన పాన్‌దాన్, దానికి తోడు ఉగాల్‌దాన్. ఫ్రిజ్ తలుపు కోడలు విరగ్గొట్టిందని ఒకరు, వచ్చినప్పుడే అది సరిగ్గా పడేది కాదని మరొకరు వాదించారు. ఉగాల్‌దాన్ మాకు వద్దంటే మాకు వద్దని ఇరుపక్షాలు పట్టుబట్టినప్పుడు వరండా అంతా నవ్వులతో నిండిపోయింది. మేమూ నవ్వాము.

జాబితా చివరన ఒక చిన్న వెండి గిన్నె ఉన్నది. పాప పుట్టినప్పుడు అమ్మమ్మ పెట్టినది. ఇది ఎవరికి అని ఒక మధ్యవర్తి అడిగాడు. పాప నాయనమ్మ ఒడిలో నిద్రపోతున్నది. ఎవరూ జవాబు చెప్పలేదు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చిన తరువాత మాకు రెండు సినిమాలు గుర్తుకు వచ్చాయి. ఒకటి తుర్కీ దేశానిది, ఒకటి మన కడప బిడ్డ నిర్మించినది. కుటుంబ ధర్మాలను గురించి వ్రాసే మా వంటివారికి సినిమా ప్రస్తావన అరుదు. అయినా కూలిపోతున్న కాపురం ముందు లోకం ఎట్లా నవ్వుతుందో ఆ రెండూ చక్కగా చూపినందువల్ల వాటిని పాఠకుల ముందుంచుతున్నాము.

బండరాళ్ల సీమలో ఒక మంచు కాలం

తుర్కీ దర్శకుడు నూరీ బిల్గే జెలాన్ తీసిన ‘కిష్ ఉయ్‌కుసు’ అనే చిత్రానికి 2014లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం లభించింది. ఆ పేరుకు శీతకాలపు నిద్ర అని అర్థం. మూడు గంటలకు పైగా సాగే ఈ చిత్రానికి రష్యా రచయిత చెహోవ్ కథలు ప్రేరణ. దర్శకుడు తన భార్య ఎబ్రూతో కలిసి దీని రచన చేశాడు. అంతకు ముందు 2006లో వచ్చిన ‘ఇక్లిమ్‌లెర్’ చిత్రంలో ఈ దంపతులే విడిపోయే జంటగా నటించారు.

కథ జరిగేది అనతోలియా పీఠభూమిలోని కప్పదోకియాలో. రాతిని తొలిచి కట్టుకున్న ఇళ్లు, చెట్టూ చేమా తక్కువైన విశాలమైన మైదానం. మన గండికోట లోయను, బెలుం గుహలను చూచినవారికి ఆ నేల మరీ పరాయిదిగా తోచదు. అక్కడ ఐదిన్ అనే విశ్రాంత నటుడు హోటలు నడుపుకుంటూ ఉంటాడు. ఊరిలో అద్దె ఇళ్లున్నాయి. స్థానిక పత్రికలో నీతిని, సంస్కారాన్ని గురించి వ్యాసాలు వ్రాస్తుంటాడు. భార్య నిహాల్ వయసులో చాలా చిన్నది. విడాకులు పొందిన చెల్లెలు కూడా ఆ ఇంటనే ఉంటుంది. అద్దె బకాయి పడిన కుటుంబంలోని పిల్లవాడు కోపంతో ఐదిన్ కారు అద్దం మీద రాయి విసురుతాడు. ఆ పిల్లవాని చిన్నాన్న ఊరి ఇమాము. క్షమాపణ చెప్పించడానికి ఆయన పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని బురదలో అంత దూరం నడిచి వస్తే, ఐదిన్ గారికి కనిపించేది ఆయన మేజోళ్ల అశుభ్రత మాత్రమే. దాని మీద కూడా ఒక వ్యాసం తయారవుతుంది.

ఈ చిత్రంలోని హాస్యం ఇటువంటిదే. లోకానికి మర్యాద నేర్పే పెద్దమనిషికి పక్కగదిలోని భార్యతో పది నిమిషాలు మర్యాదగా మాట్లాడడం రాదు. బడుల కోసం ఆమె చందాలు పోగుచేస్తుంటే, సాయం పేరిట లెక్కలు చూస్తానంటూ వచ్చి, ఆమెకు మిగిలిన ఆ ఒక్క పనిని కూడా చులకన చేస్తాడు. చేయి ఎత్తడు, గొంతు పెంచడు. చిరునవ్వుతోనే మనిషిని కుంగదీస్తాడు. చివరకు ఇస్తాంబుల్ వెళ్లిపోతానని బయలుదేరి, వెళ్లలేక తిరిగి వస్తాడు. నీవు లేక నేను లేనని మనసులో అనుకుంటాడు. ఆ మాట ప్రేక్షకులకు వినిపిస్తుంది గాని కిటికీలో నిలబడిన భార్యకు వినిపించదు.

పత్రికలలో నీతులు వ్రాసే మాకు ఈ పాత్ర సూదిలా గుచ్చుకున్న మాట దాచనేల? మసీదులో ఉపన్యసించేవారు, పంచాయితీలలో తీర్పు చెప్పేవారు, మా వలె కలం పట్టినవారు అందరూ ఒకసారి తమ ఇంటి పక్కగది తలుపు వంక చూచుకోవలసి ఉన్నది.

కడప బిడ్డ తీసిన నవ్వుల చిత్రం

రెండవ చిత్రం మనదే. కడప జిల్లా పొట్టిపాడులో 1912లో జన్మించిన బి. నాగిరెడ్డి తరువాతి కాలంలో మదరాసులో విజయా సంస్థను నడిపి, చక్రపాణితో కలిసి 1947లో ‘చందమామ’ పత్రికను ప్రారంభించిన సంగతి తెలుగువారికి తెలిసినదే. ఆయన అన్నగారు బి.ఎన్. రెడ్డి 1939లో తీసిన ‘వందేమాతరం’ కూడా ఎడబాటుకు గురైన ఒక జంట కథే. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించి, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన ‘పెళ్లిచేసి చూడు’ 1952లో విడుదలయింది. ఆ సంవత్సరమే తమిళంలోను వచ్చింది. మేము పైన చెప్పిన సామెతలోని సగమే ఆ చిత్రం పేరు.

అందులో ఒప్పుకున్న కట్నం చేతికి అందలేదని వరుని తండ్రి కొడుకును పెళ్లిపందిరి నుండి లాక్కొనిపోతాడు. తాళి కట్టించుకున్న అమ్మాయి భార్యా కాక, కన్యా కాక మిగిలిపోతుంది. ఎన్.టి. రామారావు ధరించిన వరుని పాత్ర తండ్రిని ఎదిరించలేక పిచ్చిపట్టినట్లు నటిస్తుంది. జి. వరలక్ష్మి ధరించిన వధువు నర్సుగా అదే ఇంటికి వచ్చి, తన భర్తకే సేవ చేస్తుంది. హాలు హాలంతా కడుపుబ్బ నవ్వింది.

నిదానించి చూస్తే ఆ నవ్వుకు కారణం ఎంత చేదైనదో తెలుస్తుంది. కట్టుకున్న భార్యతో కాపురం చేయడానికి ఒక యువకుడు పిచ్చివాడు కావలసి వచ్చింది. కట్నం అడిగిన తండ్రి మాత్రం తెలివైనవాడుగా చలామణి అయ్యాడు. ఆ చిత్రం వచ్చిన తొమ్మిదేళ్లకు, అంటే 1961లో, వరకట్న నిషేధ చట్టం వచ్చింది. చట్టం వచ్చి ఆరు దశాబ్దాలు దాటినా ఆ తండ్రి మన వీధులలో నుండి వెళ్లిపోలేదు. మా వీధులలో ఆయన తలపై టోపీ కూడా ఉన్నది.

ఈ మాట వ్రాయడానికి మాకు సిగ్గుగానే ఉన్నది. నికాహ్‌లో ఇవ్వవలసినది వరుడు. మహర్‌ను స్త్రీలకు సంతోషపూర్వకంగా ఇవ్వవలసినదని దివ్య ఖుర్ఆన్ నాలుగవ సూరా ఆరంభంలోనే ఆదేశిస్తున్నది. ఇనుప ఉంగరమైనా తేలేని ఒక పేద సహచరునికి, తాను నేర్చుకున్న ఖుర్ఆన్ సూరాలనే ఆధారం చేసి దైవప్రవక్త (సఅసం) వివాహం జరిపించారు. మనం ఆ ధర్మాన్ని తలక్రిందులు చేశాము. మహర్ ఖాజీగారి రిజిస్టరులో అప్పుగా వ్రాయబడి, భర్త జనాజా లేచే రోజు వరకు ఎవరికీ గుర్తుకు రాదు. జోడే కీ రఖమ్ మాత్రం మంగ్నీ నాటికే నగదుగా చేతులు మారాలి. వర్షం మీద ఆధారపడిన వేరుశనగ రైతు, ఆటో నడుపుకునే తండ్రి షాదీఖానా అద్దెకు, దావత్‌కు అప్పు చేస్తున్నారు. ఆ అప్పు వడ్డీ కాపురంలోకి కోడలితో పాటే అడుగుపెడుతుంది. అత్తవారింట ఆమె విన్న మొదటి ఎత్తిపొడుపు సాధారణంగా ఆ లెక్కలోనిదే అయివుంటుంది.

ఫోనులో కాపురం

కడప వైపు మరొక కారణం ఉన్నది. రాయచోటి, కడప ప్రాంతాల నుండి కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు లేని వీధి అరుదు. డ్రైవర్లుగా పురుషులు వెళ్లారు. ఇంటిపనికి స్త్రీలూ వెళ్లారు. అప్పులు తీరాయి, పక్కా ఇళ్లు లేచాయి, చెల్లెళ్ల నికాహ్‌లు జరిగాయి. ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే రెండేళ్లకొకసారి వచ్చే సెలవుల మధ్య కాపురమంతా ఫోనులోనే నడుస్తుంది.

మాకు తెలిసిన ఒక ఇంట మూడేళ్ల పిల్లవాడు ప్రతి రాత్రి ఫోనుకు ముద్దుపెట్టి నిద్రపోయేవాడు. వాని దృష్టిలో అబ్బా అంటే ఆ ఫోనే. తండ్రి నిజంగా సెలవుపై వచ్చిన రోజు వాడు భయపడి బీరువా వెనుక దాక్కుని, ఫోనులో ఉన్న అబ్బాను పిలవమని ఏడ్చాడు. బంధువులందరూ ఈ సంగతిని ముచ్చటగా చెప్పుకొని నవ్వుకున్నారు. తండ్రి నవ్వలేదు. తల్లి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటకు రాలేదు. డబ్బు పంపడం పోషణ మాత్రమే. దంపతులు పరస్పరం ప్రశాంతత పొందడానికే జంటలు సృష్టించబడ్డాయని, వారి మధ్య ప్రేమను, దయను ఉంచడం జరిగిందని ముప్ఫయ్యవ సూరా బోధిస్తున్నది. ఆ ప్రశాంతతకు కొంత సాన్నిధ్యం కూడా కావలసి ఉన్నది.

ఇంటిని నిలిపే నవ్వు

ఇస్లాం నవ్వును నిషేధించలేదు. ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో దైవప్రవక్త (సఅసం) పరుగు పందెం వేసిన సంగతి హదీసు గ్రంథాలలో ఉన్నది. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలం తరువాత మరొక పందెంలో ఆయన గెలిచి, ఇది ఆ పందేనికి బదులని ఛలోక్తి విసిరారు. ఆ నవ్వులో ఇద్దరూ ఉన్నారు. ఒకరు నవ్వి ఒకరు తలవంచుకొనే నవ్వు అది కాదు.

అల్లునితో ఎట్లా మెలగాలో కూడా ఆయన జీవితంలోనే మనకు కనిపిస్తుంది. ఒకనాడు కుమార్తె ఇంటికి వెళ్లగా హజ్రత్ అలీ (రజి) కనిపించలేదు. తమ మధ్య ఏదో మాట వచ్చి, కోపంతో వెళ్లిపోయారని హజ్రత్ ఫాతిమా (రజి) చెప్పారు. గొడవ ఏమిటి, తప్పు ఎవరిది అని తండ్రి విచారణ చేసినట్లు ఆ ఉల్లేఖనంలో లేదు. మసీదులో నేలపై నిద్రిస్తున్న అల్లుని వద్దకు తామే వెళ్లి, ఒంటికి అంటిన మట్టిని తమ చేతితో దులుపుతూ, మట్టి తండ్రీ లెమ్మని ముద్దుగా పిలిచారు. అబూ తురాబ్ అన్న ఆ పిలుపు హజ్రత్ అలీకి జీవితాంతం ప్రియమైన పేరయింది. పందిరి నుండి కొడుకును లాక్కొనిపోయిన ఆ సినిమా తండ్రిని ఈ తండ్రి పక్కన నిలిపి చూడండి.

అయినా ప్రతి కాపురమూ నిలుస్తుందని ఇస్లాం భ్రమ కల్పించలేదు. బానిసత్వం నుండి విముక్తి పొందిన బరీరా (రజి) తన భర్త ముగీస్‌తో ఉండనని నిశ్చయించుకున్నారు. ఆయన మదీనా వీధులలో ఆమె వెంట కన్నీరు కారుస్తూ తిరిగారు. దైవప్రవక్త (సఅసం) ఆమెకు నచ్చజెప్పబోగా, ఇది మీ ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమేనని ఆయన చెప్పారు. అయితే నాకు అవసరం లేదని ఆమె నిర్భయంగా జవాబిచ్చారు. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య విషయంలో కూడా భర్త నడవడిలో దోషం లేకపోయినా, ఆమెకు అతనితో ఇమడలేదన్న మాటనే గౌరవించి, మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇప్పించి విడదీశారు. ఖులాకు ఆధారం ఈ ఉదంతమే.

చట్టం తెరచిన తలుపులు

ఈ హక్కును మన సమాజం ఎంతగా మరచిపోయిందంటే, దానిని చట్టాల ద్వారా, న్యాయస్థానాల ద్వారా తిరిగి గుర్తు చేయవలసి వచ్చింది. హనఫీ విధానంలో భార్యకు న్యాయస్థానం ద్వారా విడిపోయే మార్గాలు తక్కువగా ఉండడం వల్ల, ఉలమాలు మాలికీ విధానం ఆధారంగా పరిష్కారం సూచించారు. ఆ కృషి ఫలితంగా 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త ఆచూకీ నాలుగేళ్లు తెలియకపోయినా, రెండేళ్లు పోషణ చూడకపోయినా, సరైన కారణం లేకుండా మూడేళ్లు దాంపత్య బాధ్యతలు నెరవేర్చకపోయినా, క్రూరంగా ప్రవర్తించినా భార్య న్యాయస్థానానికి వెళ్లవచ్చును. గల్ఫ్‌కు వెళ్లి ఇంటిని మరచినవాని భార్యకు ఈ చట్టం తెలిసి ఉండడం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

తలాఖ్‌కు సమంజసమైన కారణం ఉండాలని, దానికి ముందు ఇరువైపుల మధ్యవర్తుల ద్వారా రాజీ ప్రయత్నం జరగాలని సుప్రీంకోర్టు 2002లో షమీమ్ ఆరా కేసులో స్పష్టం చేసింది. ఒకే ఊపిరిలో చెప్పే మూడు తలాఖ్‌లు 2017లో షాయరా బానో కేసులో చెల్లకుండా పోయాయి. 2019 చట్టం దానిని మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించదగిన నేరంగా ప్రకటించింది. ఖులాకు భర్త సమ్మతి తప్పనిసరి కాదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ చట్టాలను గురించి మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కాని ఒక ప్రశ్న నుండి మనం తప్పించుకోలేము. నాలుగవ సూరాలో భర్త కుటుంబం నుండి ఒకరిని, భార్య కుటుంబం నుండి ఒకరిని మధ్యవర్తులుగా నియమించుకొమ్మని స్పష్టమైన ఆదేశం ఉండగా, మనం దానిని సక్రమంగా పాటించి ఉంటే ఎన్ని కేసులు కోర్టు మెట్లు ఎక్కకుండా ఉండేవి?

తుర్కీవారు తమ అక్‌షెహిర్ పట్టణానికి చెందినవాడని చెప్పుకొనే ముల్లా నసీరుద్దీన్ కథ ఒకటి మన పిల్లలకూ తెలుసు. తగవు తీర్చమని వచ్చిన మొదటివాని మాట విని, నీవు చెప్పినదే సబబన్నాడట. రెండవవానితోను అదే మాట అన్నాడట. ఇద్దరి మాటా ఎట్లా సబబవుతుందని లోపలి నుండి భార్య అడిగితే, నీ మాట కూడా సబబేనన్నాడట. మన పంచాయితీలు చాలావరకు ఇట్లాగే నడుస్తున్నవి. ఒక తేడా మాత్రం ఉన్నది. ముల్లాగారి ఇంట్లో లోపలి స్త్రీ మాట కనీసం వినబడింది.

ఆ వరండాలో తరువాత జరిగినది

వెండి గిన్నె దగ్గర మాట ఆగిపోయిన తరువాత, మధ్యవర్తులలో పెద్దాయన జాబితాను మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంతవరకు ఈ పిల్లలిద్దరినీ ఎవరైనా విడివిడిగా అడిగారా అన్నారు. ఎవరూ అడగలేదు. అమ్మాయితో ఒక వృద్ధురాలు, అబ్బాయితో ఆయన, వేరు వేరు గదులలో చాలాసేపు మాట్లాడారు. కట్నం బాకీ గురించి తల్లి అనే మాటలకు తాను ఒక్కనాడైనా అడ్డుపడలేదని అబ్బాయి ఒప్పుకున్నాడు. ఎన్నోసార్లు చెప్పబోయానని, నవ్వి తీసిపారేశాడని, ఇక చెప్పే ఓపిక లేదని అమ్మాయి చెప్పింది. నెల గడువు పెట్టారు. మరొక రెండుసార్లు కూర్చున్నారు.

ఆ కాపురం నిలవలేదు. ఖులా జరిగింది. వసూలు కాని మహర్‌ను ఆమె వదులుకున్నది. సామానంతా బండి మీద తిరిగి వచ్చింది, ఉగాల్‌దాన్‌తో సహా. వెండి గిన్నె పాపతో వెళ్లింది. ప్రతి శుక్రవారం జుమా తరువాత తండ్రి పాపను చూడడానికి వెళుతున్నాడని, ఎవరూ ఎవరినీ తూలనాడుకోవడం లేదని విన్నాము. మంచితనంతో ఉంచుకోవడమో, ఉత్తమ రీతిలో సాగనంపడమో చేయాలన్న ధర్మంలో రెండవ సగమైనా అక్కడ నెరవేరింది.

మేము మరచిపోలేనిది మరొకటి ఉన్నది. రెండున్నర ఏళ్ల క్రితం ఆ నికాహ్‌కు మేమూ వెళ్లాము. దావత్ తిన్నాము. దువా చేశాము. షాదీఖానా వాకిట నిలిపిన కొత్త మోటారు సైకిల్‌ను చూచి, సామాను బాగా పెట్టారని మెచ్చుకున్నాము కూడా. మహర్ ఎంత, చెల్లించారా అని అడగలేదు. ఆ బండి కోసం ఏ పొలం తాకట్టు పడిందో అడగలేదు. ఆ తరువాత ఆ పిల్లలు ఎట్లా ఉన్నారో తెలుసుకోవడానికి ఆ గడప తొక్కలేదు. ఏడాదికి ఎన్నో నికాహ్‌లకు వెళ్లే మా అలవాటులో ఇది కొత్త కాదు. వచ్చే నెల కడపలో మరొక నికాహ్ ఆహ్వానం మా బల్ల మీద ఉన్నది. ఈసారి భోజనానికి కూర్చోకముందే వరుని తండ్రిని పక్కకు పిలిచి రెండు ప్రశ్నలు అడగాలని నిశ్చయించుకున్నాము. ఆయన నొచ్చుకోవచ్చును. ఆ నొప్పి వెండి గిన్నె దగ్గర కలిగే నొప్పి కంటె చాలా చిన్నది.